అమ్మ ఇడ్లీ తినేదాకా

మా అక్క పెళ్లి ఆల్బమ్‌లో ఒక ఫోటో ఉంది. బావ అక్క మెడలో పుస్తె కడుతున్నాడు. అయ్యగారు నోరు తెరిచి మంత్రం చదువుతున్నారు. ఇటు పక్క పీట మీద మా బాపు కొత్త ధోతిలో ఇబ్బందిగా కూర్చుని ఉన్నాడు. బాపు పక్కన ఇంకో పీట ఉంది. దాని మీద మనిషి లేదు, ఒక ఇత్తడి చెంబు ఉంది. ఆ పీట మా అమ్మది.

ఆ సమయంలో అమ్మ ఫంక్షన్ హాల్ స్టోర్ రూమ్‌లో ఉంది. అల్లుడి కాళ్లు కడగడం అయిందో లేదో, వంటవాళ్లు చక్కెర కావాలని కబురు పెట్టారు. తాళాల గుత్తి అమ్మ నడుముకే ఉంది. "ఇప్పుడే వస్త" అని లేచింది. చక్కెర ఇచ్చి తిరిగేలోపు మగపెళ్లివారి ఆడవాళ్లు చీరల సంచి అడిగారు. సంచి ఇచ్చేలోపు ఇంకెవరో చాపలు అడిగారు. ఆమె వచ్చేసరికి పుస్తె కట్టడమే కాదు, తలంబ్రాలు కూడా అయిపోయి, అందరూ నెత్తిన బియ్యం దులుపుకుంటున్నారు. కన్యాదానం చేసేవాళ్లు ఒక్కపొద్దుండాలని ముందురోజు సాయంత్రం నుంచి ఆమె మెతుకు ముట్టలేదు. అసలే షుగర్ మనిషి. అప్పగింతలప్పుడు అక్క చెయ్యి పట్టుకుని అట్లాగే కిందికి జారిపోయింది. చుట్టాలు దానికి బిడ్డ మీది ప్రేమ అని పేరు పెట్టారు. ప్రేమ కాదు, ఆకలి. ఆనాటి కోపం నాకు ఇంకా చల్లారలేదు.

ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు ఇంకో సంగతి కూడా కనబడుతుంది. చక్కెర కోసం బాపు ఎందుకు లేవలేదు? ఈ ప్రశ్న మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు.

అందుకే నా పెళ్లి ఖాయమైనప్పుడు నేను ఒక్కటే కోరుకున్నాను. నాకు పుస్తె కట్టేటప్పుడు అమ్మ ఆ పీట మీద ఉండాలి. ఆమె కడుపులో ఇంత తిండి ఉండాలి. చీర ఏ రంగైనా కట్టుకుంటాను, జడకు ఏ పూలైనా పెట్టించుకుంటాను. ఈ ఒక్క దగ్గర మాత్రం ఎవరి మాటా వినను అని ఆరోజే అనుకున్నాను.

అమ్మ శామీర్‌పేట రోడ్డు పక్కన చేపలు అమ్ముతుంది. తెల్లవారుజామున బాపు చెరువు నుంచి తెచ్చినవి ఎనిమిదింటికల్లా బల్ల మీద పరుస్తుంది. పొద్దంతా నిలబడే ఉంటుంది. తినడం కూడా నిలబడే. చిన్న గిన్నెలో అన్నం, దాని మీద ఇంత తొక్కు వేసుకుని, గోడకు వీపు ఆనించి, నాలుగు ముద్దలు గబగబా మింగి, నీళ్లు తాగి, చెయ్యి కొంగుకు తుడుచుకుంటుంది. పండగరోజైనా అంతే. కూర్చుని తినమంటే "మల్లెవరు లేస్తరు" అంటుంది.

నేను మేడ్చల్ దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ చేసేచోట షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. ఎవరు ఎప్పుడు ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు లేచి చాయ్‌కి పోవాలో కాగితం మీద గీతలు గీసి రాయడం నా పని. మా దగ్గర ఒక మందు ప్యాకింగ్ అయ్యాక ఇంకో మందు మొదలుపెట్టే ముందు బల్ల మొత్తం ఖాళీ చేస్తాం. ఒక్క బిళ్ల, ఒక్క లేబుల్ ముక్క మిగలకూడదు. తుడిచి, వంగి చూసి, సంతకం పెట్టాకే తర్వాతిది మొదలు. ఆ అరగంటా బల్ల మీద ఏమీ జరగదు. కొత్తగా చేరినవాళ్లు అది దండగ అనుకుంటారు. ఆ అరగంట తీసేస్తే జ్వరం మందు డబ్బాలోకి బీపీ బిళ్లలు పోతాయి.

మన పెళ్లిళ్లలో లేనిది ఆ అరగంటే. ఒక తంతు మీద ఇంకో తంతు ఎక్కి కూర్చుంటుంది. ఎదుర్కోలు కాకముందే వంటవాళ్లు పిలుస్తారు, బట్టలు పెట్టడం కాకముందే ఫోటోవాళ్లు పిలుస్తారు. ఈ ఉరుకులాటలో నలిగేది మాత్రం ఎప్పుడూ ఒక్క మనిషే. తాళాల గుత్తి ఎవరి నడుముకు ఉంటే ఆ మనిషి.

ఒక ఆదివారం పాత షిఫ్ట్ చార్ట్ వెనకవైపు నా పెళ్లిరోజు రాశాను. అయ్యగారు రెండు ముహూర్తాలు చెప్పారు. ఒకటి తెల్లవారకముందు, ఇంకోటి మధ్యాహ్నం పన్నెండుంబావుకు. నేను రెండోది పట్టుకున్నాను. ఎనిమిదికి మన ఇంటివాళ్లు హాలుకు చేరాలి. తొమ్మిదికి టిఫిన్, అందరూ కూర్చుని. తర్వాత గంటసేపు ఖాళీ. పదిన్నరకు మగపెళ్లివారు వస్తే గేటు దగ్గర ఎదుర్కోలు. ఆ తర్వాత అరగంట మళ్లీ ఖాళీ. కాళ్లు కడగడానికీ ముహూర్తానికీ మధ్య ఒక పావుగంట, అది కూడా ఖాళీ. ఖాళీలన్నిటికీ ఆకుపచ్చ పెన్నుతో గీత కొట్టాను.

ఆ కాగితం మొదట చూసింది మేనమామ. మా వంశంలో ఏ పెళ్లయినా నడిపేది ఆయనే. లాల్‌గడి మలక్‌పేట్ వైపు వెంచర్లలో ప్లాట్లు చూపించడం ఆయన వృత్తి. ప్రతి ప్లాటూ అవుటర్ రింగ్ రోడ్డుకు పది నిమిషాలే అని చెప్పీ చెప్పీ, ఆయనకు నిమిషాల మీద గౌరవం పోయింది.

"గీ పచ్చగీతలేంది బిడ్డా?" అన్నాడు.

"ఖాళీ మామా."

"ఖాళీ అంటే? అప్పుడేం చేస్తరు?"

"ఏం చెయ్యరు. కూసుంటరు."

ఆయన కాగితాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "పెండ్లిల కూసుంటరా ఎవలన్న? ఇల్లు కట్టి సూడు పెండ్లి చేసి సూడు అన్నరు గానీ, పెండ్లి చేసుకుంట కూసొని సూడు అన్నరా?" అని తన మాటకు తనే నవ్వుకున్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి అసలు విద్య చెప్పాడు. మగపెళ్లివారికి ఎప్పుడూ గంట ముందు టైమే చెప్పాలట. మనవాళ్లలో తొమ్మిదంటే పదిన్నర అని లెక్కట. పదిన్నరని చెప్తే బరాత్ పన్నెండు దాటాక వస్తుందట, అప్పుడు ముహూర్తం గంగలో కలుస్తుందట.

"నేను నిజం టైమే చెప్త మామా" అన్నాను.

"నిజం జెప్తే ఎవలు నమ్ముతరు బిడ్డా?" అని ఆయన నిజంగానే బాధపడ్డాడు.

ఆయన భయం కూడా ఉత్తది కాదు. మా దగ్గర అందరూ అబద్ధపు టైమే చెప్తారు, విన్నవాళ్లు అందులో ఎంత అబద్ధమో తీసేసి మిగిలినదానికి వస్తారు. ఇద్దరికీ లెక్క తెలుసు కాబట్టి పెళ్లిళ్లు జరిగిపోతున్నాయి. కానీ నేను చేసుకోబోయే మనిషి సంగతి వేరు. ఆయనది గండిమైసమ్మ అనే ఊరు. మా కంపెనీ స్టాఫ్ బస్సు నడుపుతాడు. ఆరూ నలభైకి శామీర్‌పేటలో బస్సు కదలాలంటే కదులుతుంది, ఉరికొస్తున్న మనిషి అద్దంలో కనబడ్డా ఆగదు. నన్నే రెండుసార్లు రోడ్డు మీద వదిలేసి పోయాడు. మూడోసారి ఆగాడు. ఎందుకు ఆగావని అడిగితే హారన్ కొట్టాడు. మా కథ అక్కడే మొదలైంది.

రెండో ముడి మేనత్త దగ్గర పడింది. బాపుకు అక్క, గొంతున్న మనిషి. కాగితంలో తొమ్మిదికి అమ్మ టిఫిన్ అని చూసి ఆమె గుండెల మీద చెయ్యి పెట్టుకుంది.

"కాళ్లు కడిగేటోళ్లు తింటరా? గీ ఇంట్ల గిదొక్కటే తక్కువున్నది" అంది. నేను ఏదో అనబోతే, "నీయమ్మకు లేని తిప్పలు నీకెందుకే? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అంది.

కత్తిపీటకే ఎక్కువ తెలుసత్తా, కంద నోరు తెరవదు కదా అన్నాను. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నేను అయ్యగారి దగ్గరికి పోయాను. ఆయన పెద్దమనిషి, సన్నగా వెదురులా ఉంటారు. సంగతంతా విని, మెల్లగా తన సంచిలోంచి మందుల డబ్బా తీసి చూపించారు. "నాకు గూడ షుగరేనమ్మా. గోలీ ఏసుకొని, రెండు ఇడ్లీ తిని, అటెన్క పీటల మీద కూసుంట. సచ్చిపొమ్మని ఏ శాస్త్రం జెప్పలే" అన్నారు. ఆ మాట మేనత్త ముందు ఇంకోసారి చెప్పండని బతిమాలాను. చెప్పారు. మేనత్త అయ్యగారికి దండం పెట్టి, నావైపు తిరిగి "ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అంది. ఆ బిరుదు నాకు బాగానే అనిపించింది.

ఇంత రభసలోనూ అమ్మ ఒక్క మాట అనలేదు. ఆ కాగితం ఆమెకు చదివి వినిపిస్తే, చివరికి ఒక్కటే అడిగింది. "మరి చాబీలు ఎవల దగ్గరుంటయి?"

"నీ దగ్గరైతే ఉండవు."

ఆమె చెయ్యి నడుము దగ్గరికి పోయింది. అక్కడ అప్పుడు ఏమీ లేదు, అయినా తడుముకుంది.

పెళ్లిరోజు పొద్దున ఎనిమిదికి మేమంతా హాలులో ఉన్నాం. తాళాల గుత్తి తీసుకుపోయి మేనమామ చేతిలో పెట్టాను. ఆయన ఎదురు చెప్పకుండా తీసుకున్నాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. మేనమామ ఎదురు చెప్పలేదంటే ఎక్కడో ఏదో చేసే ఉంటాడు.

తొమ్మిదికి టిఫిన్ పెట్టారు. అమ్మను కూర్చోబెట్టడానికి నాకు ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ముందు మీ బాపు తిననీ అంది, బాపు తిన్నాడు. చుట్టాలు తిననీ అంది, తిన్నారు. అయ్యగారు తిన్నారా అంది, అప్పటికే ఆయన చేతులు కడుక్కుంటున్నారు. ఇక సాకులు అయిపోయాక, అక్క ఒక రెక్క, నేను ఒక రెక్క పట్టుకుని భోజనాల బల్ల ముందు కుర్చీలో కూర్చోబెట్టాం. మూడు ఇడ్లీలు, ఒక వడ, పల్లీ చట్నీ. అమ్మ ప్లేటువైపు కొత్తగా చూసింది. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నేను అక్కడే నిలబడ్డాను. ఒకవైపు జడ అల్లి ఉంది, ఇంకోవైపు వెంట్రుకలు విప్పే ఉన్నాయి. ఒంటి మీద మంగళస్నానం తర్వాత కట్టిన పసుపు చీర. జడ వేస్తున్న ఆమె దువ్వెన పట్టుకుని నా వెనకాలే ఉంది.

సరిగ్గా తొమ్మిదిన్నరకు గేటు దగ్గర బ్యాండు మోగింది.

మొదట పక్క హాలుదేమో అనుకున్నాం. పక్కన హాలే లేదు, ఖాళీ ప్లాట్లు ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే పూలు కట్టిన కారు, దాని ముందు బ్యాండువాళ్లు, వెనక మా కంపెనీ బస్సు, అందులోంచి దిగుతున్న మగపెళ్లివారు. పదిన్నరకు రావాల్సినవాళ్లు గంట ముందు వచ్చేశారు. మన జిల్లాలో ఎప్పుడైనా ఎక్కడైనా బరాత్ ముందు రావడం ఎవరైనా చూశారా? నేను చూశాను. నా పెళ్లికే చూశాను.

జరిగింది ఏమిటో అప్పుడు బయటపడింది. ముందురోజు సాయంత్రం మేనమామ పెళ్లికొడుకు తండ్రికి ఫోన్ చేసి, "అయ్యగారు టైము ముందుకు జరిపిండు, తొమ్మిదిన్నరకు మీరు గేట్ల ఉండాలె" అని చెప్పాడు. అలా చెప్తే వాళ్లు పదిన్నరకు వస్తారని ఆయన లెక్క. పెళ్లికొడుకు ఆ మాట నిజమో కాదో అడుగుదామని నాకు ఫోన్ చేశాడు. నా ఫోన్ మేనత్త కొంగు ముడిలో ఉంది. పెండ్లిపిల్ల ఫోన్ల మాట్లాడొద్దని ఆమె దాన్ని ఆపేసి కట్టుకుంది. ఇక బస్సు డ్రైవర్ ఏం చేస్తాడు? చెప్పిన టైముకు బరాత్‌ను తెచ్చి పెట్టాడు.

హాలంతా ఒక్కసారి లేచింది. కుర్చీలు జరిగాయి, ఎవరో హారతి పళ్లెం అని, ఎవరో కుంకుమ అని, ఎవరో షర్బత్ కలిపిండ్రా అని అరిచారు. మేనమామ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని "గంత జల్దీ ఎవలు రమ్మన్నరు వీళ్లను!" అన్నాడు. మేనత్త సుడిగాలిలా మా దగ్గరికి వచ్చింది.

"ఓ మరదలా, లే! వియ్యంపులోళ్లు గేట్ల నిలబడ్డరు, నువ్వు ఇడ్లీలు మింగుతున్నవా? పరువు తీసేటట్టున్నవు, లే!"

అమ్మ లేచింది. ఇంకా ఒక ఇడ్లీ కూడా పూర్తికాలేదు. కుడిచేత్తో నీళ్ల గ్లాసు అందుకుంది, ప్లేట్లోనే చెయ్యి కడిగేసుకోవడానికి. ఆ గ్లాసు ఒంగితే అంతే. ఇక ఆ రోజంతా ఆమె తినదు. కాళ్లు కడుగుతుంది, తాళాలు వెతుకుతుంది, చాపలు ఇస్తుంది, సాయంత్రం నా చెయ్యి పట్టుకుని జారిపోతుంది. నాకు ఆ ఫోటోలో పీట మీది చెంబు కళ్లముందు కనబడింది.

నేను అమ్మ మణికట్టు పట్టుకున్నాను. "కూసో."

"బిడ్డా, వాళ్లు బయట..."

"నువ్వు ఈ ప్లేటు ఖాళీ కాకముందే లేస్తే నేను పీటల మీద కూసోను. ఒట్టు."

అది బెదిరింపు కాదు. నేను నిజంగానే అన్నాను. అమ్మ నా ముఖం చూసింది, మెల్లగా కూర్చుంది. అక్కను ఆమె పక్కన కాపలా పెట్టి నేను గేటువైపు నడిచాను. వెనకనుంచి మేనత్త "ఓ పిల్లా, యాడికే! అడ్డుతెర కాకముందే పెండ్లిపిల్ల మొకం జూపిస్తదా!" అని అరుస్తూనే ఉంది. జడ వేసే ఆమె దువ్వెన పట్టుకుని నాలుగడుగులు నాతో వచ్చి ఆగిపోయింది.

గేటు దగ్గర బ్యాండు తనంతట తనే ఆగింది. ఒక కంటికి కాటుక ఉన్న, ఒక కంటికి లేని, సగం జడ పెళ్లికూతుర్ని వాళ్లెవరూ ఎదుర్కోలుకు ఊహించి ఉండరు. ఆడవాళ్లు ముక్కు మీద వేలేసుకున్నారు. కారులో పెళ్లికొడుకు నన్ను చూసి, ముందు భయపడి, తర్వాత నవ్వాపుకోలేక తల పక్కకు తిప్పుకున్నాడు.

పెళ్లికొడుకు తండ్రికి దండం పెట్టాను. "మామా, మీరు సరిగ్గ టైముకే వచ్చిన్రు. మీకు చెప్పిన టైమే తప్పు. ముహూర్తం మారలే, ఎదుర్కోలు పదిన్నరకే. మా అమ్మ ఇడ్లీ తింటాంది. ఆమె తినేదాక ఎవలూ రారు. పందిట్ల కుర్చీలున్నయి, చాయ్ పంపిస్త. కోపం రావాలంటే నా మీద రానియ్యున్రి, మా అమ్మ మీద కాదు."

ఆయన వెనక్కి తిరిగి భార్య కోసం వెతికాడు. వాళ్ల వైపు ఒక ముసలాయన "గిదేం రివాజు?" అన్నాడు. రివాజేమిటో నాకూ తెలుసు. మగపెళ్లివారు గేట్లో నిలబడితే ఆడపెళ్లివారు ఎంగిలి చేత్తోనైనా ఉరకాలి. తరతరాలుగా అందరూ ఉరికారు. ఒక్కసారి ఒక్క మనిషి ఉరకకపోతే ఆకాశం విరిగి మీద పడుతుందా అని చూద్దామనుకున్నాను.

అప్పుడు గుంపులోంచి పెళ్లికొడుకు తల్లి ముందుకు వచ్చింది. మాటలు తక్కువ మనిషి. ఆమె అంటే నాకు అప్పటిదాకా జంకే. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"మీరు టైము మార్చినరంటే నేను మూడు గంటలకు లేసిన" అంది. "పొద్దుగాల్నుంచి చాయ్ సుక్క తాగలే. పొయ్యి కాడినుంచి ఇటే వచ్చిన." నేను తిట్లకు సిద్ధపడ్డాను. "ఇడ్లీలు ఇంకున్నయా?"

ఎదుర్కోలు లేదు, కుంకుమ లేదు, షర్బత్ లేదు. ఆమె చెప్పులు ఈడ్చుకుంటూ నా పక్కనుంచి లోపలికి నడిచి, అమ్మ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. అమ్మ బిత్తరపోయి మళ్లీ లేవబోయింది. ఆమె అమ్మ భుజం మీద చెయ్యి వేసి "కూసో వదినా. తిను. మనమిద్దరం ఇప్పుడు తినకపోతే పొద్దుగూకేదాక ఎవలన్న తినుమంటరా?" అంది. మేనత్త ఆ మాట విని ప్లేట్ల దగ్గరికి నడిచింది. తర్వాత తనే ఒక ప్లేటు తెచ్చి వియ్యపురాలి ముందు పెట్టింది. చట్నీ మాత్రం కోపంగానే వేసింది.

అమ్మ మూడు ఇడ్లీలూ తింది. వడ కూడా తింది. గోలీ వేసుకుంది. నేను జడ రెండో సగం వేయించుకుంటూ అద్దంలోంచి అంతా చూశాను.

పదిన్నరకు ఎదుర్కోలు జరిగింది. బరాత్ మళ్లీ గేటు బయటికి పోయి, మళ్లీ కొత్తగా వచ్చింది. బ్యాండువాళ్లు రెండోసారి ఇంకా హుషారుగా వాయించారు. మేనమామ మాత్రం నా వైపు చూడలేదు. "నేను మంచికే చేసిన" అని అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు. నేను పిలిచి, "తాళాలు నీ కాడనే ఉన్నయి మామా. ఇయ్యాల ఎవలేమడిగినా నువ్వే ఉరుకు" అన్నాను. పాపం, ఉరికాడు. చక్కెరకు ఒకసారి, చీరల సంచికి ఒకసారి, చాపలకు రెండుసార్లు. నడుం నొప్పి పట్టిందని వారంపాటు మూలిగాడని తర్వాత ఆయన భార్య చెప్పింది.

కాళ్లు కడగడం అయింది. నా పావుగంట ఖాళీ వచ్చింది. పీటల మీద అందరం ఊరికే కూర్చున్నాం. ఆ పావుగంట ఎంత పెద్దదో చెప్పలేను. అలవాటు లేని చుట్టాలు "ఏమైంది, ఎందుకాగింది?" అని ఒకరినొకరు అడిగారు. అయ్యగారు మంచినీళ్లు తాగారు. అమ్మ తన కొంగు సర్దుకుంది, నా కొంగు సర్దింది, ఇక సర్దడానికి ఏమీ లేక చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ముహూర్తం దగ్గరపడింది. మధ్యలో తెర తీశారు, తలల మీద జీలకర్ర బెల్లం పెట్టాం, పుస్తె అందరి చేతులకూ తాకించి తెచ్చారు. సరిగ్గా అప్పుడే వంటగదివైపు నుంచి ఒక కేక వచ్చింది. "ఓ వదినా, స్టోర్ రూమ్ చాబీ!"

అమ్మ చెయ్యి నడుముకు పోయింది. మోకాళ్లు పైకి లేచాయి. తాళాలు తన దగ్గర లేవని ఆమెకు తెలుసు. అయినా ఒళ్లు వినలేదు. ముప్పై ఏళ్లుగా ఎవరు ఏ కేక వేసినా లేచిన ఒళ్లు అది. నాకు జీలకర్ర బెల్లం పెట్టిన చెయ్యి తియ్యరాదు. అరుద్దామంటే మంగళవాయిద్యం హోరు. నేను అంత గొడవపడింది, గేటు దాకా పోయింది అంతా ఆ ఒక్క కేకతో పోయినట్టే అనిపించింది.

బాపు చెయ్యి చాపాడు. అమ్మ కొంగు అంచు పట్టుకుని గట్టిగా కిందికి లాగాడు. వల లాగే చెయ్యి కదా, అమ్మ మళ్లీ పీట మీద పడింది.

"కూసో" అన్నాడు బాపు. "గిదొక్కటన్న సూడు."

ఆ రోజంతా బాపు మాట్లాడింది అంతే. నాకు ఆయన మీద ఉన్న కోపంలో సగం అక్కడే కరిగింది. మిగతా సగం ఉంది, అది అక్కది.

అప్పగింతలప్పుడు అమ్మ పడిపోలేదు. ఏడ్చింది, నేనూ ఏడ్చాను, అక్క మా ఇద్దరికంటే ఎక్కువ ఏడ్చింది. బస్సు ఎక్కబోతుంటే అమ్మ నా చెయ్యి విడవకుండా, ఏదో పెద్ద రహస్యం చెప్తున్నట్టు మెల్లగా అంది.

"నా పెండ్లప్పుడు తల దించుకొనున్న, ఏం గనవడలే. మంది పెండ్లిలన్నిట్ల వంటకాడనే ఉంటి. మీ అక్కదాన్ల చాపలిస్తున్న. మూడు ముళ్లేస్తరంటే ఇన్న గానీ, ఎట్లేస్తరో ఇయ్యాలనే సూసిన బిడ్డా."

అక్క పక్కనే ఉంది. ఆ మాట విని కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఆమె వైపు చూడలేకపోయాను. నా పెళ్లికి నేను చేసిన గొడవ అక్క పెళ్లికి ఎవరో ఒకరు చేసి ఉండాల్సింది. అప్పుడు నాకు నోరు లేదా? ఉంది. తెరవలేదు.

మా వైపు ఇప్పటికీ నన్ను "గేట్లకొచ్చిన పెండ్లిపిల్ల" అంటారు. చుట్టాల పెళ్లిళ్లలో చూపించి మరీ చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. అమ్మ కూడా మారిందేమీ లేదు. ఇప్పటికీ గోడకు వీపు ఆనించి నిలబడే తింటుంది, కసిరితే "నీ పెండ్లిల కూసున్నగా" అంటుంది. నేను గెలిచింది ఒక్క పూటే. ఆ పూట మాత్రం ఎవరికీ తిరిగి ఇవ్వను.

మా పెళ్లి వీడియోలో పుస్తె కట్టే చోట అందరూ నన్నూ ఆయన్నూ చూస్తారు. నేను పక్కకు చూస్తాను. బాపు పక్కన పీట మీద అమ్మ ఉంటుంది, మెడ ముందుకు చాపి. ముడి పడినప్పుడల్లా ఆమె పెదవులు కదులుతాయి. ఒకటి. రెండు. మూడు.